దించిన స్వరం

ఆ పొద్దు ఆకాశం తోమని ఇత్తడి పళ్ళెంలా ఉంది. సూర్యుడు లేచిన జాడ లేదు. మౌలాలి గుట్ట వైపు ఒక పసుపు మరక మాత్రం కనబడింది. మబ్బు అందామంటే చినుకు వాసన లేదు. రాత్రి ఎక్కడో బస్సు టైర్లు తగలబెట్టిన పొగ గాలి లేక ఇళ్ళ మీదే ఆగిపోయింది. అలాంటి ఆకాశాన్ని చూస్తే రైతు ముందు కల్లంలో గింజలు లోపలికి ఎత్తారా అని అడుగుతాడు. సారమ్మకు ఎత్తుకోవలసిన గింజలేమీ లేవు.

కిందటి వారం ఆమెను తార్నాకలో రెండు గదుల అద్దె ఇంటి గడపలో, దొరల సీమ నుంచి వచ్చిన, విప్పని కవరు చేతిలో పట్టుకుని ఉండగా వదిలి వచ్చాం. ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాల కార్డులు రాసే గుమాస్తా అనీ, తెనాలి అవతలి పల్లె నుంచి వచ్చి పదకొండేళ్ళయిందనీ, భర్త పోయాక కూతురు హెలెన్‌ని ఆ జీతం మీదే పెంచిందనీ పాత పాఠకులకు తెలుసు. ముల్కీలు, అంటే ఈ ప్రాంతపు స్థానికులు, కానివాళ్ళ ఉద్యోగాలు తీసేస్తున్న ఈ అరవైతొమ్మిదో సంవత్సరంలో ఆమెకూ కాగితం వచ్చింది. ఈ నెలాఖరుతో సరి. ఊరికి పోక తప్పదు. పోయే ముందు ఆమె కోరింది ఒక్కటే. వచ్చే శుక్రవారం, ఏసును శిలువ వేసిన మంచి శుక్రవారం నాడు, తార్నాక గుడిలో ఆ పాత పాటను హెలెన్, శిష్యురాలు భారతమ్మ కలిసి ఒక్కసారి పాడాలి.

ఆ పాట మూడువందల ఏళ్ళ కిందటిది. బైబిల్లో పాడుబడిన పట్నాన్ని చూసి ప్రవక్త ఏడ్చిన ఏడుపును, సీమలో ఎవరో మఠంలోని కన్యల కోసం రెండు పై గొంతులకు కట్టారు. కింద హార్మోనియానికి ఒకే ఒక వరస. ఒక్కో చరణానికి ముందు ఒక్క అక్షరం వస్తుంది. ఆ ఒక్క అక్షరాన్నే రెండు గొంతులూ పట్టుకుని సాగదీసి, అల్లి, విప్పి, అప్పుడు మాటల్లోకి దిగుతాయి. మొదటిరోజు భారతమ్మ నవ్వింది. "గీ పాట కట్టినాయన ఇంక ఓనమాలే దిద్దుతున్నడా టీచరమ్మా? అక్షరం దాటి ముందుకే పోతలేడు!"

భారతమ్మది జనగామ దిక్కు పల్లె. హాస్టల్లో ఉండి బీఏ చదువుతోంది. ఒక సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని తనలో తాను ఏదో కూనిరాగం తీస్తుంటే సారమ్మ విని, చేతిలో కార్డులు పెట్టేసి బయటికి వచ్చింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ పిల్ల ఈ ఇంటికి రావలసిందే.

సమ్మె వల్ల లైబ్రరీ మూతపడింది. సారమ్మ హార్మోనియం ముందు కూర్చుని కవరు చించింది.

ఉత్తరం రాసింది దొరసానమ్మగారు. సారమ్మకు చిన్నప్పుడు సంగీతం నేర్పి, కాళ్ళతో తిత్తులు తొక్కి వాయించే ఈ లెగ్ హార్మోనియాన్ని ఆమెకే ఇచ్చి సీమకు వెళ్ళిపోయిన తల్లి. ఎనభై ఏళ్ళు దాటాయి. అక్షరాలు చీమలు చెదిరినట్లున్నాయి. ఆ ఉత్తరం అర్థం కావాలంటే ముందు ఈ పెట్టె సంగతి చెప్పాలి.

హార్మోనియం మెట్ల పైన తొమ్మిది చెక్క బొడిపెలు ఉంటాయి. ఒకటి లాగితే వేణువు వంటి సన్నని ధ్వని, ఇంకొకటి లాగితే బొంగురు ధ్వని. వాటి మీద ఇంగ్లీషులో పేర్లు ఉన్నాయి. ఆ రోజుల్లో సారమ్మకు ఇంగ్లీషు రాదు గనుక దొరసానమ్మగారే తెల్లరంగుతో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసి, "మూడు లాగు, అయిదు నొక్కు" అని నేర్పింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు, దొరసానమ్మగారు వదిలి వెళ్ళిన ట్రంకు అడుగున ఈ పాత పాటల పుస్తకం దొరికినప్పుడు, హార్మోనియం వరస మీద అక్కడక్కడా అంకెలు కనిపించాయి. నాలుగు, ఆరు, ఏడు, దాని పక్కన మళ్ళీ ఆరు. సారమ్మకు అనుమానమే రాలేదు. ఏడు ఉన్నచోట ఏడో బొడిపె లాగింది, ఆరు ఉన్నచోట ఏడు నొక్కి ఆరు లాగింది. ఎడమచేత్తో ఒంటి వరస వాయిస్తూ, కుడిచేత్తో బొడిపెలు లాగుతూ, కాళ్ళతో తిత్తులు తొక్కుతూ ఆమె పడే పాటు చూసి గుడిలో వాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

అయినా ఒకచోట పాటకు ఊపిరాడేది కాదు. రీడ్లు పాడయ్యాయేమోనని ఆ పేజీ కాపీ చేసి, బొడిపెల సంగతంతా వివరంగా రాసి పంపింది. దానికి జవాబు ఇది.

సారమ్మ వేలు పెట్టుకుని చదివింది. ఆ అంకెలు బొడిపెలవి కావు తల్లీ, అని రాసింది దొరసానమ్మగారు. కింది స్వరం నుంచి లెక్కపెట్టు. ఏడు అంటే ఏడో మెట్టు. కుడిచేత్తో దాన్ని, దాని తోటి స్వరాలను నింపుకోమని వాయించేవాళ్ళకు గుర్తు. నువ్వు ఇన్నేళ్ళూ వాయించింది ఎముకలు మాత్రమే. ఇక ఏడు, ఆరు పక్కపక్కనే ఉన్నచోట పాడే పిల్ల తన స్వరాన్ని వదలకూడదు. కింద నేల మారిపోయినా అక్కడే నిలబడాలి, ఒరుసుకోవాలి, నొప్పి పెట్టాలి. అప్పుడు దిగాలి. ఆ నొప్పే పాట. నేను నీకు చెప్పకుండా వచ్చాను. నన్ను క్షమించు.

సారమ్మ ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. తర్వాత ఎడమచేత్తో కింది స్వరం పట్టింది. కుడిచేత్తో మెట్లు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళి, ఏడో మెట్టు నొక్కింది. రెండూ ఒరుసుకున్నాయి. గోడ గూట్లో ఉన్న గ్లాసు సన్నగా మోగింది. వేలు ఒక మెట్టు దించింది. బరువు దిగిపోయినట్లు ధ్వని తేటపడింది.

మళ్ళీ వాయించింది. మళ్ళీ. ఒక్క పంక్తి కూడదీసుకునేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అప్పుడు పుస్తకంలో భారతమ్మ వరస వైపు చూసింది. సరిగ్గా అక్కడే పెన్సిలు గీత ఉంది. తన చేతి గీతే.

కిందటేడు ఉగాది వెళ్ళాక ఈ పాట మొదలుపెట్టినప్పుడు, ఆ పిల్ల అచ్చులో ఉన్నట్లే పాడింది. అక్కడ దిగకుండా నిలబడింది. వేసవి సెలవులయ్యాక సారమ్మకు అది అచ్చుతప్పు అనిపించింది. పెన్సిలుతో దిద్ది, ముందుగానే దిగమంది. పిల్ల దిగేది కాదు. చెప్పినప్పుడు దిగేది, మరునాటికి మళ్ళీ అక్కడే నిలబడేది. "నీకు చెవులున్నాయా? శ్రుతి తెలుసా?" అని సారమ్మ ఎన్నోసార్లు గద్దించింది. అలా గద్దించి గద్దించి, దసరా నాటికి నేర్పేసింది.

"హెలెన్," అని పిలిచింది.

హెలెన్ వంటింట్లోంచి వచ్చేలోపే వాకిట్లో అడుగుల చప్పుడైంది.

ముందు సమ్మయ్య వచ్చాడు, భుజం మీద తువ్వాల మడతపెట్టి దాని మీద రేకుపెట్టె. వెనక కూతురు భారతమ్మ, చేతిలో చాపచుట్ట. ఎండలో కాంపస్ నుంచి నడిచి వచ్చారు.

"ఉన్నవా చెల్లె?" అన్నాడు సమ్మయ్య పెట్టె దించి. "హాస్టలు ఖాళీ చెయ్యమన్నరట. నిన్న మాపటికి ఖబరొచ్చింది, తెల్లారి బండెక్కిన. గేటు కాడ పోలీసాయన పెట్టె తీయించిండు. ఏమున్నయి అందుల? రెండు చీరెలు, పుస్తకాలు, ఇంత మామిడికాయ తొక్కు. గా సీస పట్టుకొని ఇట్ల తిప్పి అట్ల తిప్పి వాసన జూసిండు."

"బాంబనుకున్నడు," అంది భారతమ్మ. నవ్వలేదు.

"తుమ్మిండు పాపం, తుమ్మి పొమ్మన్నడు." సమ్మయ్య గడప దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. "మూడు గంటలకు బండి. బిడ్డ నీకు చెప్పి పోత అన్నది, గందుకె వచ్చినం."

"కుర్చీలో కూర్చోండి అన్నయ్యగారూ."

"గీడ సల్లగున్నది తియ్యి."

సారమ్మ మెట్ల మీంచి చేతులు తీసి ఇటు తిరిగింది. మాటలు వెతుక్కునే అలవాటు ఆమెకు లేదు, ఉన్నదే చెప్పింది. "పిల్లను శుక్రవారం దాకా మా ఇంట్లో ఉంచండి. హెలెన్ పక్కనే పడుకుంటుంది. శనివారం పొద్దున నేనే బండెక్కిస్తాను. సాయంత్రం మేమూ వెళ్ళిపోతున్నాం. ఆ తర్వాత ఈ పాట పాడేవాళ్ళు ఉండరు, వాయించేవాళ్ళూ ఉండరు."

సమ్మయ్య నేల వైపు చూశాడు. "నీ ఇంట్ల ఉంచుటానికి నాకేం రంది లేదు చెల్లె. నీకు మొఖం చూపెట్టుటానికే రంది."

"అదేం మాట?"

"చెప్పు బిడ్డ," అన్నాడు కూతురితో. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

భారతమ్మ చాపచుట్టను గోడకు ఆనించింది. అది జారితే మళ్ళీ ఆనించింది. "మా వీరస్వామన్నకు కొలువొచ్చింది టీచరమ్మా."

"మంచి కబురేగా తల్లీ. ఎక్కడ?"

"లైబ్రరీల."

"మా లైబ్రరీలోనా?" అంది సారమ్మ.

"కార్డులు రాసే జాగ," అంది భారతమ్మ. "ఒకటో తారీఖు వచ్చి చేరుమన్నరు."

వంటింటి గుమ్మంలో హెలెన్ చేతిలో గరిటె అలాగే ఉంది. "జాగా అంటావేంటి? మా అమ్మ కుర్చీ అని చెప్పు."

"హెలెన్..."

"నువ్వుండమ్మా. ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?"

"పదొద్దులు."

"పది రోజులు! రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన నిలబడి పాడావు. నా గ్లాసులో నీళ్ళు తాగావు. మొన్న నా రిబ్బన్ కూడా పెట్టుకుపోయావు."

"చెప్తే పాడనియ్యవని చెప్పలె."

"పాడనివ్వను. ఇప్పుడూ పాడను. అవతల గోడ మీద రాశారుగా, పొండి పొండి అని. ఆ పక్కనే నీ సంతకం కూడా పెట్టిరా, పో."

భారతమ్మ మళ్ళీ జారిన చాపచుట్టను ఎత్తింది. సమ్మయ్యే అన్నాడు. "తిట్టు బిడ్డ, తిడితె తప్పులేదు. గని మా పోరడు ఐదేండ్ల సంది బీఏ కాయితం జేబుల పెట్టుకొని తిరుగుతున్నడు. మడతల కాడ చినిగిపోతె అంటుపెట్టుకున్నడు. మాకొచ్చిన కాయితం మీద పోస్టు నంబరే ఉన్నది గని, గది ఎవరిదని పేరు లేదు. పేరుంటె..." ఆగాడు. ఉంటే ఏం చేసేవాడో అతనికీ తెలియదు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నాడు.

సారమ్మకు కోపం రాలేదు. రావాలని ఆమె కాసేపు ఎదురుచూసింది కూడా. కుండలో నీళ్ళు అయిపోయినప్పుడు గ్లాసు అడుగుకు తగిలినట్లు, లోపల ఏదో ఖాళీగా శబ్దం చేసింది. ఉద్యోగం ఎలాగూ పోయింది. వీరస్వామి కాకపోతే ఇంకొకడు. కాని ఈ పిల్ల గొంతులోంచి పోయినదాన్ని తీసింది ఏ సర్కారూ కాదు.

"భారతీ, ఇలా రా," అంది. "పుస్తకం చూడు. ఈ గీత దగ్గర నిన్ను ఎన్నిసార్లు కోప్పడ్డాను?"

"లెక్కలేదు టీచరమ్మా."

"చెవుల్లేవన్నాను."

"ఔ. గుడిల అందరి ముందట ఒకసారన్నరు. మొద్దు చెవులని."

"నీ చెవులు సరిగ్గానే ఉన్నాయి. మొద్దుచెవులు నావి." ఉత్తరం తీసి పిల్ల చేతిలో పెట్టింది. భారతమ్మ చదువుతున్నంతసేపూ సారమ్మ ఆమె ముఖం వైపు చూడలేక బొడిపెల మీది తెల్ల అంకెల్నే చూస్తూ కూర్చుంది. రంగు పెచ్చులూడిన చోట తానే రెండుసార్లు మళ్ళీ పూసుకుంది.

"ఇగ మునుపటి లెక్క పాడాలె, అంతేగద," అంది భారతమ్మ ఉత్తరం మడిచి. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "వాయించుండ్రి."

సారమ్మ తిత్తులు తొక్కింది. కుడిచెయ్యి ఈసారి బొడిపెల వైపు పోలేదు, మెట్ల మీదే ఉంది. భారతమ్మ కళ్ళు మూసుకుని అక్షరం అందుకుంది. ఆ గొంతు లేచే తీరు ఎప్పుడూ ఒకటే. బిగింపు ఉండదు, బావిలోంచి చేద వచ్చినట్లు నిండుగా వస్తుంది. పైకి వెళ్ళింది, మలుపు తిరిగింది, ఆ చోటికి వచ్చింది. హార్మోనియం కింద మారింది.

పిల్ల దిగిపోయింది. ముందుగానే, మెత్తగా, సారమ్మ నేర్పినట్లే.

"నిలబడాలి తల్లీ."

"ఔ. మరిచిపోయిన."

రెండోసారి ఆ చోటు రాకముందే భారతమ్మ పిడికిళ్ళు బిగించింది. నిలబడబోయింది. కింద స్వరం ఒరుసుకోగానే గొంతు వణికి, మెట్టు తప్పిన కాలిలా కిందికి జారింది. మూడోసారి ఆ చోటికి వచ్చి ఆగిపోయింది. అసలు స్వరమే రాలేదు. హార్మోనియం మాత్రం ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్లు మోగి, గాలి అయిపోయి ఊరుకుంది.

"అట్ల కాదు బిడ్డ," అన్నాడు గడప దగ్గరి నుంచి సమ్మయ్య.

అందరూ అటు తిరిగారు. వంటింటి వైపు మొహం పెట్టుకున్న హెలెన్ కూడా తిరిగింది.

"పోయినేడు ఎండకాలం సెలవులల్ల ఇంటికొచ్చినప్పుడు పాడినవు గద, బాయి కాడ. గిదే పాట. గీ జాగల ఆగుతుంటివి. నేను మోట తోలుతున్న. నువ్వు ఆగితె నేను ఎద్దుల ఆపిన, ఏమైందోనని. నువ్వు దించినంక మల్ల తోలిన." సమ్మయ్య మెడ గోక్కున్నాడు. "ఇప్పుడెట్లున్నదంటె, ఇద్దరు మనుషులు మొద్దు మోసుకపోతుంటె ఒకడు చెప్పకుంట ముందుగాల దించినట్లున్నది. రెండోవాని నడుమిరుగుతది."

అని ఆగి, సిగ్గుపడుతూనే, ఆ స్వరం పట్టాడు. పొగాకు గొంతు, బొంగురుగా, మెట్టు కింద. కాని ఆ చోట అతను ఆగాడు. ఆగవలసినంతసేపు ఆగాడు. తర్వాత దించాడు.

సారమ్మ వేళ్ళు ఆ స్వరాన్ని మెట్ల మీద వెతికి పట్టుకున్నాయి. మెట్టు కిందైనా, ఆగడం, దిగడం సరిగ్గా ఉన్నాయి. దొరసానమ్మగారు సముద్రాల అవతలి నుంచి రాసిన సంగతి ఇంగ్లీషు ముక్క రాని ఈ మనిషి దగ్గర ఏడాదిగా ఉంది. అతన్ని ఎవరూ అడగలేదు.

"నాయిన పాడిండు. నాకు రాదు," అంది భారతమ్మ. కళ్ళలో నీళ్ళు లేవు, అదే చూడలేకపోయింది సారమ్మ. "ఇగ రాదు టీచరమ్మా. ఆడికి పోంగనే గొంతు దానంతటదే దిగుతున్నది. నేను పట్టుకుంటున్న, అది దిగుతున్నది."

"వారం రోజులు కూర్చుంటే వస్తుంది." అంది గాని, ఆ మాట సారమ్మకే నమ్మకం కలిగించలేదు. నెలలు పట్టింది అది పోవడానికి. వంకర కట్టుతో అతికిన ఎముకను సరిచెయ్యాలంటే మళ్ళీ విరగ్గొట్టాలి. అంత వ్యవధి లేదు, ఆ పాపం ఇంకోసారి చేసే ధైర్యమూ లేదు. అయినా అడిగింది. "అన్నయ్యగారూ, శుక్రవారం దాకా. ఉంచుతారా?"

సమ్మయ్య బయట ఎండలో నీడను చూశాడు. పెట్టెను చూశాడు. హెలెన్‌ని చూశాడు.

"వంటయిందా బిడ్డ?" అని అడిగాడు హెలెన్‌ని.

ఎవరూ అనుకోని మాట. ఊళ్ళో అయితే సమ్మయ్య లాంటి కాపు, వెలివాడలో పుట్టిన సారమ్మ లాంటివాళ్ళ ఇంట్లో నీళ్ళ గ్లాసు ముట్టడు. ఆ సంగతి ఆ గదిలో నలుగురికీ తెలుసు.

"అయింది," అంది హెలెన్ పొడిగా.

"అయితె పెట్టు. తిని చెప్త. వండిన అన్నం ముందట పెట్టుకొని మాటిచ్చుడు, మాట కాదనుడు మా ఇంట్ల లేదు. మా నాయిన కాలం నుంచి లేదు."

నాలుగు కంచాలు నేల మీదికి వచ్చాయి. చింతచిగురు పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. భారతమ్మ లేచి పెట్టె తెరిచి, పోలీసు వాసన చూసిన తొక్కు సీసా తెచ్చి మధ్యలో పెట్టింది. హెలెన్ వడ్డించి, ఎక్కడ కూర్చోవాలో ఒక్క క్షణం చూసింది. ఖాళీ ఉన్నది భారతమ్మ పక్కనే. కూర్చుంది, మోకాలు తగలకుండా జరుపుకుని.

సారమ్మ తల వంచి పెదవులు కదిపింది. ఆమె ప్రార్థన అయ్యేదాకా సమ్మయ్య ముద్ద కలపకుండా చెయ్యి కంచం పైనే ఉంచాడు.

రోడ్డు మీద నినాదాలు అరుచుకుంటూ ఒక గుంపు కాంపస్ వైపు పోయింది. నమిలే శబ్దాలు మళ్ళీ వినబడ్డాయి. సమ్మయ్య నిమ్మళంగా తిన్నాడు, పొలం పని చేసేవాళ్ళు తినే తీరుగా, ఒక్కో మెతుకూ కూడదీసి. భారతమ్మ తన కంచం చూసుకోవడం లేదు. తండ్రి కంచంలో అన్నం ఎంత తగ్గిందో చూస్తోంది. సారమ్మ కూడా అదే చూస్తోంది. ఉంచితే ఆ స్వరం తప్పుగానే గుడిలో మోగుతుంది. తీసుకుపోతే అదీ ఉండదు. ఈ రెంటిలో ఏది కోరుకోవాలో ఆమెకు తెలియలేదు. మజ్జిగ పోయబోతే హెలెన్ చెయ్యి భారతమ్మ చేతికి తగిలింది. ఇద్దరిలో ఎవరూ ముందుగా తీసుకోలేదు.

సమ్మయ్య చివరి ముద్ద తిన్నాడు. వేళ్ళు నాక్కుని, చెంబు అందుకున్నాడు.